కొండచెయ్యికి తగిన కెమెరా

వర్క్‌షాపు నుంచి,
మెషీను చల్లారాక

పిడుగుకి మామయ్య దీవెనలు.

నువ్వు కళ్లారా చూసినదాన్ని, ఇంకెవరూ చూడనిదాన్ని, ఎదుటివాడి గుండెలోకి దించగలవా? తల ఊపి తప్పించుకోకు. సూటిగా చెప్పు, దించగలవా?

నావల్ల కాలేదే! పగలంతా గేట్లకీ గ్రిల్లులకీ వెల్డింగు పెట్టి, సాయంత్రం మేడమీది ప్రార్థన హాల్లో ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. బడి చదువు లేనివాణ్ణి, లేఖనం ఒక్కటే అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి కొండచెయ్యి దగ్గరికే వస్తానని నీకు తెలుసు. చిన్నప్పుడు ఆ కథ చెప్తేగాని నిద్రపోయేదానివి కాదు.

అయినా మళ్లీ చెప్తాను. కుర్రతనంలో సర్వే వాళ్ల సామాన్లు మోసే కూలీగా ఆ కొండ ఎక్కాను. మంచు కమ్మేసి జట్టులోంచి తప్పిపోయాను. ఏడుస్తూ, అడ్డదిడ్డంగా పరిగెత్తుతున్నాను. ఒక్కసారి ఎదురుగా తెర చిరిగినట్టు మంచు విడిపోయింది. అవతలి బండ మీద ఒక చెయ్యి! ఐదు వేళ్లూ పైకెత్తి, అరచెయ్యి నా వైపు పెట్టి నిలబడింది. నా కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. మంచు తేలిపోయాక కిందికి చూస్తే, నా బొటనవేలు ముందు నేల లేదు. లోయ.

మొన్న హాల్లో ఇదే చెప్తుంటే మన కీబోర్డు వాయించే తమ్ముడు లేచాడు. "అన్నా, అంత పెద్ద చెయ్యి ఉంటే ఒక్క ఫోటో అయినా ఉండాలిగా?" అన్నాడు. హాలంతా నవ్వింది. వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్న శిష్యుడే నయం, వాడు కనీసం ఫోటో అడగలేదు! కానీ ఆ నవ్వు నన్ను వదలడం లేదు.

అందుకని సంఘమంతా కలిసి నీకో కెమెరా కొనిద్దామనుకున్నాం. సెలవు దొరికితే చాలు, వీపున ఇల్లు కట్టుకుని కొండలెక్కేదానివి నువ్వే కదా. సంచీ కూడా వద్దని శిష్యుల్ని పంపాడు ప్రభువు. నువ్వేమో బీరువా మోసుకుపోతావు. ఆ బీరువాలో పట్టేంత చిన్న కెమెరా కావాలి. కానీ బొమ్మ మాత్రం ఎవడూ "మసగ్గా ఉంది" అని పెదవి విరవకుండా ఉండాలి. ఏది మంచిదో నువ్వే తేల్చు.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావేమో. ఫోనులో నేను మాట్లాడితే ప్రసంగమైపోతోందని నువ్వే పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవుగా.

మీ అమ్మ బాగానే ఉంది. పాటల్లో నా గొంతుకంటే అక్క గొంతే పైకి లేస్తోంది.

మామయ్య

*

పళ్ల ల్యాబు పక్క గది

మామయ్యా,

ఉత్తరాన్ని కూడా పెట్టెయ్యొచ్చు, దిండు కింద. అయినా మొత్తం చదివాను.

నీ చెయ్యి ఫోటో తియ్యడానికి నాకంటే సంతోషించేవాళ్లు లేరు. కానీ కెమెరాల షాపుకి వెళ్లొచ్చినప్పటినుంచి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. నాకు రోజంతా కట్టుడు పళ్లు చేసే పని. ఇటు పక్క పన్నుకీ అటు పక్క పన్నుకీ రంగులో వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తాను. అలాంటిదాన్ని, మూడు నల్ల డబ్బాల ముందు నిలబడి నోరు వెళ్లబెట్టాను.

మొదటిదానికి జూమ్ చాలా ఉంది. వీధి చివర బోర్డు మీద ఈగ కూడా కనపడింది. కానీ లోపలి సెన్సార్, అంటే వెలుతురు పడే రేకు, గోరంత. మబ్బు పట్టిందో, బొమ్మ గంజిలా అయిపోతుంది. కొండ మీద ఉండేది మబ్బే కదా.

రెండోది మొండిది. నీళ్లలో వెయ్యి, బండ మీద పడెయ్యి, దానికేం కాదు. షాపతను నిజంగానే నేలకేసి కొట్టి చూపించాడు, పక్కనున్నావిడ కెవ్వుమంది. కానీ అది తీసిన మొహాలు నేను తీసిపారేసే ప్లాస్టిక్ పళ్లలా ఉన్నాయి.

మూడోది జేబులో పడుతుంది. సెన్సార్ పెద్దది, లెన్సు చూస్తేనే ముద్దొస్తోంది. కానీ జూమ్ లేదు. దగ్గరికి కావాలంటే మన కాళ్లే నడవాలి. వాన తగలకూడదు. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఇంకోటి మొయ్యాలి. లెన్సు చుట్టూ ఫోకస్ తిప్పే రింగు ఉంది, చేత్తో తిప్పుకోవచ్చు. "అదెందుకు, అన్నీ అదే చూసుకుంటుందిగా" అంటే షాపతను, "తెలిసినవాళ్లు అడుగుతారమ్మా" అన్నాడు. నాకు తెలియదని మొహం మీదే చెప్పేశాడన్నమాట.

కొండలెక్కే సంచీలో పెట్టి చూశాను, నడుం పట్టీ జేబులో పెట్టి చూశాను, షాపులోనే వంగి లేచి చూశాను. అతను కుర్చీ వేశాడు, నడుం నొప్పి అనుకున్నాడు పాపం.

నువ్వు చెప్పు. నువ్వు నిలబడ్డ చోటికీ ఆ బండకీ ఎంత దూరం? ఎటు వెలుతురు?

అన్నట్టు, ఫోనులో అమ్మ మాట మధ్యలో ఆగి ఆగి వస్తోంది. మెట్లెక్కుతున్నానంటుంది ఎప్పుడు చేసినా. మన ఇంటికి మెట్లు ఎక్కడున్నాయి మామయ్యా?

పిడుగు

*

వర్క్‌షాపు నుంచి,
గ్రిల్లు ఆరేలోపు

పిడుగమ్మా,

నీ ఉత్తరం హాల్లో చదివి వినిపించాను. వెంటనే సంఘం మూడు ముక్కలైంది. జూమ్ వాళ్లు ఒకపక్క, మొండి వాళ్లు ఒకపక్క, ముద్దొచ్చేవాళ్లు ఒకపక్క. కెమెరా ముట్టుకోనివాళ్లు కూడా సెన్సార్ గురించి వాదించుకుంటున్నారు!

నా మాట విను. జూమ్ వద్దు. దూరంలో ఉన్నదాన్ని ఉన్నచోటినుంచే అందుకోవాలనుకున్నవాళ్లు ఆకాశానికి గోపురం కట్టబోయి భాషలు తారుమారై చెల్లాచెదరయ్యారు. మొండిదే తీసుకో. బండ మీద కట్టిన ఇల్లే వానకి నిలబడింది. అయితే ఆ ప్లాస్టిక్ మొహాల సంగతి ఆలోచిస్తే, వెచ్చగానూ లేక చల్లగానూ లేకపోతే ఉమ్మేస్తానని ప్రభువు హెచ్చరించాడు కదా, కాబట్టి మూడోది. కానీ వాన? వాన సంగతి ఏం చేస్తావు? కాబట్టి మొదటిది కూడా ఒకసారి...

చూశావా! రాయడం మొదలుపెట్టినప్పుడు ఒక నిశ్చయం ఉండేది. ఇప్పుడు నా తల కూడా గంజి అయింది.

దూరం అడిగావు. గట్టిగా కేకేస్తే అవతలివాడికి వినపడుతుంది కానీ ఏమన్నావో తెలియదు, అంత. నేను చూసింది పొద్దుటి వెలుతురు. సర్వే వాళ్లు పాతిన ఇనుప గుంజ ఒకటి అక్కడ ఉండాలి, ఉంటే.

మసక మాటొచ్చింది కాబట్టి ఒక నవ్వులాట చెప్తాను. కొండ దిగిన మరుసటి ఏడాది ఈ వెల్డింగు పనిలో చేరాను. మా మేస్త్రీ నా మొదటి గేటు చూసి, "ఒరేయ్, జాయింటు ఒకచోట, నీ రాడ్డు ఇంకోచోట! కళ్లా అవి, గవ్వలా?" అని మెడ పట్టుకుని కళ్ల డాక్టరు దగ్గరికి తోలాడు. అద్దాలు పెట్టుకుని బయటికొచ్చి చూస్తే చెట్టుకి విడివిడిగా ఆకులున్నాయి! నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను. అంతవరకూ చెట్టంటే పచ్చటి ముద్ద అనుకునేవాణ్ణి.

ఒక మంచి కబురు. నీ ఫోటో రాగానే సంఘంలో కొందరు ఆ కొండకి నడిచి వెళ్లాలని తీర్మానించారు. రోగాలున్నవాళ్లు ముందు వరసలో. అక్కే అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఆమె మొహంలో ఆ వెలుగు చూడాలి నువ్వు!

మామయ్య

*

పళ్ల ల్యాబు పక్క గది

మామయ్యా,

మూడోది కొన్నాను. ఎలా తేల్చావని అడుగుతావు. మూడింటితోనూ షాపు ఎదురుగా పెచ్చులూడిన గోడ తీశాను. మొదటిదాంట్లో అది గోడ. రెండోదాంట్లో అది గోడ బొమ్మ. మూడోదాంట్లో ఆ గోడకి ఎవరెవరు ఎన్నిసార్లు సున్నం వేశారో పొరలు పొరలుగా కనపడింది. ఇంకేం అడగలేదు. మబ్బులో కూడా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. వానకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటాను.

ఇప్పుడు అసలు మాట. అమ్మ కొండెక్కడమేమిటి?

అమ్మ గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదు. డాక్టరు గారు మేడ మెట్లే వద్దన్నారు. పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది, అందుకే మెట్ల సంగతి చుట్టుతిప్పి అడిగాను. "వాడికి తెలిస్తే హాలంతా నా చుట్టూ మోకరిస్తుంది, నాకు సిగ్గు" అంది. ఇదిగో, ఆ ఒట్టు ఇక్కడే తీసి గట్టు మీద పెడుతున్నాను.

ఆమె మొహంలో నువ్వు చూసిన వెలుగు ఏమిటో నాకు తెలియడం లేదు. మేడ మీది హాలుకి ఎక్కొచ్చిన ఆయాసం కూడా అయ్యుండొచ్చు కదా.

కోపంతో రాస్తున్నానా భయంతో రాస్తున్నానా, అదీ తెలియడం లేదు. సెలవు దొరికింది. రేపు కొండ కిందికి వెళ్తున్నాను. లాడ్జి పేరుకి ఉత్తరం రాయి. అక్కడ ఫోను పలకదట.

పిడుగు

*

వర్క్‌షాపు నుంచి

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి మెషీను ఆపేశాను.

అక్కని అడిగాను. తిడుతుందనుకున్నాను, నవ్వింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ చెయ్యి నిన్ను నిలబెట్టిందా లేదా?" అంది. నిలబెట్టింది అన్నాను. "మరి నన్ను నిలబెట్టదా? నీ అక్కని కాదా?" అంది. మాత్రల డబ్బా కొండ మీదే వదిలేసి వస్తానంటోంది. నేనే కదా హాల్లో చెప్పింది, ఆ చెయ్యి చూసినవాడు పడడు అని! నా మాట నా మెడకే చుట్టింది.

"ఫోటో వస్తుందిగా, అది చూస్తే చాలదా?" అన్నాను. ఫోటో బాగా వస్తే అదే పిలుపట, వెళ్తుందట. సరిగా రాకపోతే? చూడకుండా నమ్మినవాళ్లే ధన్యులట, ఇంకా తప్పకుండా వెళ్తుందట! నేను నేర్పిన వాక్యాలతోనే నన్ను గోడకి ఆనించింది.

వెళ్లొద్దంటే నా విశ్వాసం అబద్ధమవుతుంది. వెళ్లమంటే మా అక్క... ఆ వాక్యం నేను పూర్తి చెయ్యను.

మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏమని ప్రార్థించాలో తెలియక అలాగే లేచాను. నా జన్మలో ఇది మొదటిసారి.

ఫోటో తియ్యి. ఏం కనపడితే అది పంపు.

మామయ్య

*

కొండ కింద లాడ్జి, పై గది

మామయ్యా,

ఎక్కాను. దొరికింది. ఇనుప గుంజ ఇంకా ఉంది, తుప్పు పట్టి వంగిపోయి. దాని పక్కన నిలబడి కాలు ముందుకి జరిపాను, నా బూటు కొన గాల్లోకి వెళ్లింది. గుంజని కావిలించుకుని వెనక్కి కూర్చుండిపోయాను. నువ్వు చెప్పిన లోయ నువ్వు చెప్పిన చోటే ఉంది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు.

చెయ్యి లేదు.

పొద్దుటి వెలుతురులో తీశాను. మంచులో తీశాను, మంచు చిరిగినప్పుడు తీశాను. ఫోటోని పెద్దది చేసి రాయి రాయీ వెతికాను. ఈ కెమెరా ఎంత మంచిదో అప్పుడు తెలిసింది, ఎందుకు కొన్నానా అని ఏడుపొచ్చింది. నిలువుగా ఒక పగులు. దాని పక్కన పక్షులు వాలి తెల్లగా కారిన చారలు. కింద గోధుమరంగు నాచు. వేళ్లు లేవు. అరచెయ్యి లేదు. ఇంత స్పష్టంగా లేకపోవడాన్ని నేనెప్పుడూ చూడలేదు.

వేరే బండేమోనని ఆ చుట్టుపక్కలంతా తిరిగాను. మళ్లీ గుంజ దగ్గరికే వచ్చాను. చలికి వేళ్లు మొద్దుబారి కెమెరా జారబోతే గబుక్కున పట్టుకున్నాను. పట్టుకోవడంలో ఆ రింగు తిరిగిపోయింది. కంటికి ఆనించి చూశాను.

మామయ్యా, చెయ్యి లేచింది.

ఐదు వేళ్లు, ఎత్తిన అరచెయ్యి. నా వైపే. రింగు వెనక్కి తిప్పాను, పగులు, చారలు, నాచు. ముందుకి తిప్పాను, చెయ్యి. వెలుతురు పోయేదాకా అలా తిప్పుతూనే కూర్చున్నాను, పిచ్చిదానిలా.

రింగుని దగ్గరి వైపు తిప్పితే దూరంలో ఉన్నది మసకబారుతుంది. తెల్లచారలు ఉబ్బి ఒకదానికొకటి దగ్గరై వేళ్లవుతాయి. నాచు అరచెయ్యవుతుంది. దగ్గరివి తప్ప దూరంవి ఆనని కళ్లకి లోకం అచ్చం అలాగే ఉంటుంది. చెట్టంటే పచ్చటి ముద్ద అని రాశావు కదా. అద్దాలు మరుసటి ఏడాది పెట్టుకున్నానని కూడా నువ్వే రాశావు.

బస్టాండు పక్క స్టూడియోలో రెండూ అచ్చు వేయించి పంపుతున్నాను. ఒకటి స్పష్టంగా ఉన్నది. ఒకటి నువ్వు చూసినది. ఏది అసలు ఫోటో అని స్టూడియో అతను అడిగాడు. డబ్బులిచ్చి బయటికొచ్చేశాను.

పిడుగు

*

వర్క్‌షాపు నుంచి

ఏమే,

ఎవరిచ్చారు నీకీ అధికారం? కెమెరా కొనిచ్చింది మేము, కథ చెప్పింది నేను, నమ్మినవాళ్లు వాళ్లు. మధ్యలో రింగు తిప్పి నా జీవితాన్నంతా పక్షి రెట్ట చేశావు! కట్టుడు పళ్లు గీకే చేత్తో నా కొండని గీకావు!

రెండో ఫోటో ఒక్కటే హాల్లో చూపిస్తాను. చెయ్యి కావాలన్నారు, చెయ్యి ఇస్తాను. ఆ స్పష్టమైనది పనిముట్ల పెట్టె అడుగున పడేశాను. దానితో ఎవరికీ పని లేదు.

ఇంకేం రాయను.

మామయ్య

*

కొండ కింద లాడ్జి, పై గది

మామయ్యా,

తిట్టు. ఎంతైనా తిట్టు. పెట్టె అడుగున పడేసినదాన్ని మాత్రం ఒక్కసారి బయటికి తియ్యి.

నేను నీ చెయ్యి అబద్ధమనడం లేదు. అబద్ధమో కాదో నాకే తెలియడం లేదు. ఒక మాట అడుగుతాను. ఆ రోజు నీ కళ్లు బాగుండి ఉంటే నువ్వు చూసేది పగులునీ నాచునీ. ఆగేవాడివా? ఆగకపోతే నాకు మామయ్య ఎక్కడివాడు? నీ మసక కళ్లే నిన్ను కాపాడాయి. అది ఎవరి పనో తేల్చేంత చదువు నాకు లేదు, నీకుంది.

కానీ ఆ ఒక్క ఫోటో చూపిస్తే అమ్మ బయల్దేరుతుంది. దారి ఎలాంటిదో నేను ఎక్కాను కాబట్టి చెప్తున్నాను. ఊపిరి సరిగ్గా ఉన్న నేనే మొదటి మలుపులో కూర్చున్నాను.

ఏది చూపించాలో నేను చెప్పను. అమ్మ మొహం చూసి నువ్వే చూపించు.

పిడుగు

*

వర్క్‌షాపు నుంచి,
బ్రెడ్డు వ్యాను హారను కొడుతుండగా

పిడుగమ్మా, నా తల్లీ,

గబగబా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. ఈ ఉత్తరమూ, దీనితో ఉన్న డబ్బా రెండూ కొండ వైపు వెళ్లే ఈ బ్రెడ్డు వ్యాను డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. డబ్బా అక్క మాత్రలది.

ముందు జరిగింది విను. నీ ఉత్తరం చూసి పెట్టె అడుగునుంచి ఆ ఫోటో తీశాను. షాపు గోడకి అతికించాను. కళ్లజోడు తీసి వెనక్కి వెనక్కి నడిచాను. వీపుకి గేటు తగిలింది. అప్పుడు లేచింది చెయ్యి. ఆ నాచులోంచే, ఆ రెట్టల్లోంచే. జోడు పెట్టుకున్నాను, పగులు. తీశాను, చెయ్యి. గేటుకి కొలతలివ్వడానికి వచ్చినాయన నన్ను చూసి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

అప్పుడొక సంగతి గుర్తొచ్చింది. లేఖనంలో ఒక గుడ్డివాడి కళ్లని ప్రభువు రెండుసార్లు ముట్టుకున్నాడు. మొదటిసారి ముట్టుకుంటే మనుషులు నడిచే చెట్లలా కనపడ్డారు. రెండోసారి ముట్టుకుంటే ఉన్నది ఉన్నట్టు కనపడింది. ఎన్నిసార్లో ప్రసంగించాను దాని మీద! కానీ నా వరకూ నేను మొదటి స్పర్శ దగ్గరే ఆగిపోయానేమో. రెండోసారి నా కళ్లు ముట్టుకున్నది నువ్వేమో. లేక మా మేస్త్రీయేమో. నాకు తెలియదమ్మా. ఇన్ని మాటలు మాట్లాడే నాకు నిజంగా తెలియదు.

తెలియదనే హాల్లో చెప్పాను. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, జోడు తీసి పెట్టి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకాయన "సైతాను కెమెరా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కీబోర్డు తమ్ముడు మాత్రం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అక్క లేచి ముందుకొచ్చింది. స్పష్టమైనదాని వంక చూడనైనా చూడలేదు. మసకది నా చేతిలోంచి తీసుకుని, "నాకిది చాలురా" అంది.

ఈ పొద్దున వెళ్లి చూస్తే ఇంటికి తాళం. మాత్రల డబ్బా హాల్లో, నేను నిలబడి మాట్లాడే బల్ల మీద పెట్టి వెళ్లింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో బస్సెక్కిందట. ఫోను ఆపేసింది. లాడ్జి ఫోను మోగి మోగి ఊరుకుంటోంది. దారి మధ్యలో వాళ్లలో ఒకావిడ చెల్లెలి ఇంట్లో రాత్రికి ఆగి, తెల్లవారి కొండకి వస్తారట. నేను ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్తున్నాను. దొరుకుతుందో లేదో. వ్యాను మాత్రం రాత్రంతా నడిచి, వాళ్లకంటే ముందు నీ దగ్గరికి చేరుతుంది. నేను అక్కని అందుకోలేకపోతే నువ్వే దిక్కు.

ఆమెతో వాదించకు, వాక్యాల్లో నిన్ను ఓడిస్తుంది. నేను నేర్పినవే. నా మాటగా ఒక్కటి చెప్పు. ఇన్నేళ్లూ ఆ చెయ్యి గురించి చెప్పాను కానీ, అది ఏమందో చెప్పడం మర్చిపోయానని చెప్పు. అరచెయ్యి ఎదటికి పెట్టి ఎత్తిన చెయ్యి ఏమంటుంది? నువ్వు రోడ్డు దాటేటప్పుడు చూడలేదా? ఆగు అంటుంది! అది నన్ను ఆపింది. రమ్మని ఎవర్నీ పిలవలేదు. పిలిచింది నేను. దూతని చూసి దారిలో ఆగిపోయిన గాడిదని ప్రవక్త కొట్టాడు, ఆగడమే తన ప్రాణం నిలబెట్టిందని తెలియక. నా గాడిద బుద్ధికి ఇంతకాలం పట్టింది.

కెమెరా మెడలో వేసుకో. చూడాలని పట్టుబడితే, మొదటి మలుపుకి ఇవతలే కూర్చోబెట్టి కెమెరా ఆమె చేతికివ్వు. నువ్వు దారికి అడ్డంగా కాస్త దూరంలో నిలబడు. రింగు ఆమెనే తిప్పుకోమను. ఇటు తిప్పినా అటు తిప్పినా, మసగ్గా ఉన్నా స్పష్టంగా ఉన్నా, ఎదురుగా ఎత్తిన చెయ్యి ఒకటి కనపడాలి. నీది.

ఈ కాగితం మడతపెట్టకు, ఇంకోసారి చదవకు. బూట్లేసుకో, మాత్రలు తీసుకో, పరిగెత్తు. రేపు కాదు, మంచు విడిపోయాక కాదు. ఈరోజే వెళ్లు, అక్క కంటే ముందు ఆ దారిలో నిలబడు, చెయ్యెత్తు!